శాసనాల తేదీలే నయం

3/4 అని రాస్తే మన దేశంలో ఏప్రిల్ మూడు, అమెరికాలో మార్చి నాలుగు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల పాత శాసనాల తేదీలు ఇంతకన్నా గజిబిజి అనిపిస్తాయి. నిజానికి అవే నయం. బి.ఎల్. రైస్ 1905లో ప్రచురించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా కోలారు జిల్లా సంపుటంలో ఈ తాలూకాల శాసనాలున్నాయి. వివరంగా తేదీ వేసిన శాసనంలో శకవర్షం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, తరచు వారం కూడా కనిపిస్తాయి. చిక్కంతా శకవర్షంతోనే. గడిచిన ఏళ్లనే లెక్కపెట్టారా, నడుస్తున్నదాన్నీ కలిపారా అన్నదాన్నిబట్టి ఏడాది తేడా వస్తుంది. శక 1450 గతమైతే 1528-29, వర్తమానమైతే 1527-28. పక్కన సర్వధారి అని ఉంటే మొదటిది, సర్వజిత్తు అని ఉంటే రెండోది. ఆ పేరు ఒక్కటే మిగిలిన శాసనం ఏ కాలానిదో మాత్రం, అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది గనక, లిపిని చూసి ఊహించాల్సిందే.

తిథికీ వారానికీ పొంతన కుదరని శాసనాలూ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, చెక్కినవాడి పొరపాటో, తర్వాతివాళ్ల కల్పనో కావచ్చు. కానీ అన్ని వివరాలూ ఉండబట్టే ఆ తేడా బయటపడుతుంది. పాత తేదీల తిథివారాలు చూపే స్వామికన్ను పిళ్లై పంచాంగ పట్టిక, ఇండియన్ ఎఫిమెరిస్, 1922లో వచ్చాక ఈ సరిచూపు మరీ సులువైంది. ఇక 3/4 లాంటి తేదీలకు 1988 నాటి ఐఎస్ఓ 8601 ప్రమాణం సంవత్సరం, నెల, రోజు అని వరుస తేల్చింది గానీ, రాసినవాడు అంకె తప్పు వేస్తే పట్టించే రెండో సాక్షి అందులోనూ లేదు.