ఈసీజీ చెప్పే ముప్పు: ఎంతవరకు నమ్మొచ్చు?

ఆరోగ్యంగా ఉన్న గుండె గడియారంలా కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు కాస్త నిదానం. 24 గంటల పాటు ఈసీజీ తీసే హోల్టర్ రికార్డింగులో ఈ హెచ్చుతగ్గులన్నిటినీ ఎస్‌డీఎన్‌ఎన్ అనే ఒక్క అంకెగా తేలుస్తారు. 1987లో అమెరికాలో క్లైగర్ బృందం గుండెపోటు నుంచి బయటపడిన 808 మందిని పరిశీలించింది. ఈ అంకె 50 మిల్లీసెకన్లకు తగ్గినవారిలో మరణాల ముప్పు, 100 దాటినవారి కంటే 5.3 రెట్లు ఉంది.

ముప్పు ఎవరికో తెలిశాక కాపాడటం ఎంతసేపు అనిపిస్తుంది. లయ తప్పిన గుండెకు షాకిచ్చి దారికి తెచ్చే ఐసీడీ ఉండనే ఉంది. 2004లో వెలువడిన డైనమిట్ పరీక్ష సరిగ్గా ఈ ఆశనే తూచింది. గుండెపోటు వచ్చి 6 నుంచి 40 రోజులైన 674 మందిని తీసుకున్నారు. అందరికీ ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె గదిలోని రక్తంలో ఒక్కో స్పందనకు బయటకు వెళ్లే వాటా, 35 శాతమో అంతకు తక్కువో. దానికి తోడు ఎస్‌డీఎన్‌ఎన్ తగ్గి ఉండాలి, లేదా రోజంతటి సగటు నాడి వేగంగా ఉండాలి. 332 మందికి ఐసీడీ అమర్చారు, 342 మందికి అమర్చలేదు. లయ తప్పి చనిపోయినవారు ఐసీడీ ఉన్నవారిలో 12 మంది, లేనివారిలో 29 మంది. లెక్క ఇక్కడే ఆపితే ఘనవిజయమే! కానీ ఇతర కారణాలతో పోయినవారు వరుసగా 50, 29. మొత్తం మరణాలు 62, 58.

దీనికి కారణం ఖాయంగా తేలలేదు. హెచ్చుతగ్గులు తగ్గడం గుండె మొత్తంగా నీరసించిందనడానికి గుర్తు కావచ్చు, లయ తప్పబోతోందనడానికే కాకపోవచ్చు. అదే నిజమైతే షాక్‌తో తప్పిన చావు కొందరికి పంపింగ్ విఫలమై వచ్చిందనుకోవాలి.

కృత్రిమ మేధ ఫలితాలనూ ఈ జాగ్రత్తతోనే చదవాలి. 2020లో పెన్సిల్వేనియాలోని గైసింగర్ పరిశోధకులు 11 లక్షలకు పైగా ఈసీజీలతో ఒక నమూనా తయారుచేశారు. ఏడాదిలో మరణించిన ఒకరిని, బతికున్న ఒకరిని జతగా చూపితే, నూటికి 88 జతల్లో మరణించినవారికే అది ఎక్కువ ముప్పు అంచనా కట్టింది. డాక్టర్లు నార్మల్ అన్న ఈసీజీల్లోనూ బాగానే పనిచేసింది. అయితే అది ఊహించింది ఏ కారణంతోనైనా వచ్చే మరణాన్ని. క్యాన్సర్‌తో పోయినవారూ ఆ లెక్కలోనే ఉంటారు.

తైవాన్‌లో జరిగిన ఒక పరీక్ష నా దృష్టిలో ఇంతకంటే బరువైనది. 15,965 మంది రోగులున్న ఈ పరీక్షలో, ఈసీజీలో కృత్రిమ మేధకు ముప్పు కనిపిస్తే ఒక వర్గం డాక్టర్లకు మాత్రమే హెచ్చరిక వెళ్లేది. 90 రోజుల్లో మరణాలు ఆ డాక్టర్ల రోగుల్లో 3.6 శాతం, రెండో వర్గం డాక్టర్ల రోగుల్లో 4.3 శాతం. తేడా చిన్నదే. కానీ ఇక్కడ చూసింది అంచనా ఎంత నిజమైందని కాదు, ప్రాణాలు దక్కాయా అని.

ముందుజాగ్రత్తగా ఐసీడీ పెట్టాలా వద్దా అన్నది నేటికీ ముఖ్యంగా ఎజెక్షన్ ఫ్రాక్షన్‌నుబట్టే నిర్ణయిస్తున్నారు, అదీ గుండెపోటు తర్వాత 40 రోజులు ఆగి. ఎజెక్షన్ ఫ్రాక్షన్ కూడా లోపం లేని కొలత కాదు: హఠాన్మరణాల్లో ఎక్కువభాగం 35 శాతం పైన ఉన్నవారిలోనే జరుగుతున్నాయి. ఇక చేతి వాచీ చూపే హెచ్చుతగ్గుల అంకెను ఆ 50 మిల్లీసెకన్లతో పోల్చుకుని భయపడకండి. రికార్డింగు నిడివి మారితే అంకే మారిపోతుంది.