చీనాకేగిన వైద్యులు

1938వ సంవత్సరమున, జపానుతో పోరాడుచున్న చీనాకు మన కాంగ్రెసు అయిదుగురు వైద్యులను పంపెను. సాయము కోరినవాడు సేనాని జూ డే. నెహ్రూ దానికి పూనుకొనగా నాటి అధ్యక్షుడు సుభాసుచంద్ర బోసు విరాళములు యాచించెను. అటల్, చోల్కరు, ముఖర్జీ, బసు, కోట్నీసు అనువారు 1939 ఫిబ్రవరిలో యేనాను చేరిరి.

షోలాపురమువాడైన కోట్నీసు మరలి రాలేదు. చీనా భాష నేర్చి, బెత్యూను పేరిటి వైద్యశాలకు అధిపతియై, శుశ్రూషావిద్య బోధించు గువో చింగ్‌లానును పెండ్లాడి, గాయపడిన సైనికులకు అహోరాత్రములు చికిత్స చేసి, 1942 డిసెంబరు 9న మూర్ఛరోగమున 32 ఏండ్లకే గతించెను. కొడుకప్పటికి కొన్ని నెలల పసివాడు. ఈ కథను శాంతారాము 1946లో చలనచిత్రముగా తీసెను గనుక కోట్నీసును లోకమెరుగును.

బసును స్మరించువారరుదు. సేవ యనగా దాత యొకడు, గ్రహీత యొకడు అని తలచువారు మాత్ర మాయన చరితమును తప్పక చదువవలెను. వైద్యము చేయబోయిన యాతడే 1950 తరువాత మరల చీనాకేగి, సూదులు గ్రుచ్చి రోగము మాన్పు నచటి ప్రాచీనవిద్యను శిష్యుడై యభ్యసించి, కలకత్తాలో తన రోగులకు ప్రయోగింప నారంభించెను.