అణుపరీక్షల మాజీ సైనికులు - క్యాన్సర్ పరిహారం: నిరూపణభారం చరిత్ర

వ్యాససంగ్రహం:
అణుపరీక్షల్లో పాల్గొన్న అమెరికా సైనికులు తమ క్యాన్సర్‌కు వైకల్యపరిహారం కోరినప్పుడు నిరూపణభారం ఎవరిపై పడింది, చట్టం దానిని ఎలా మార్చింది అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అణుపరీక్షలు, మాజీ సైనికులు, రేడియేషన్, పరిహారచట్టాలు.

1. ఉపోద్ఘాతం:
తూటా గాయానికి కారణం కంటికి కనిపిస్తుంది. రేడియేషన్ వల్ల వచ్చే క్యాన్సర్ దశాబ్దాల తర్వాత బయటపడవచ్చు. ఇతర కారణాలతో వచ్చిన క్యాన్సర్ నుంచి దానిని రోగి దేహంలో వేరుచేసి గుర్తించడం సాధారణంగా సాధ్యం కాదు. 1945-62 మధ్య అమెరికా వాతావరణంలో జరిపిన అణుపరీక్షల్లో రెండు లక్షలకు పైగా సిబ్బంది పాల్గొన్నారు. 1946లో బికినీ దీవుల వద్ద జరిగిన 'ఆపరేషన్ క్రాస్‌రోడ్స్'లోనే సుమారు 42,000 మంది ఉన్నారు.

2. ఆధారాల లేమి:
వ్యాధికి మూలం సైనికసేవలో ఉందని చూపితేనే పరిహారం లభించేది. ఆ ఆధారాలు సైనికుని వద్ద లేవు. రేడియేషన్‌ను కొలిచే ఫిల్మ్ బ్యాడ్జీలు అందరికీ ఇవ్వలేదు. ఇచ్చినవి కూడా శ్వాసతో లోపలికి చేరిన రేడియోధార్మిక ధూళిని కొలవలేవు. గోప్యతా నిబంధన వల్ల చాలామంది వైద్యునికి సైతం విషయం చెప్పలేకపోయారు. ఆ అడ్డంకి 1996లో గాని తొలగలేదు. 1973 జూలైలో సెయింట్ లూయిస్ దస్త్రాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో 1.6 నుంచి 1.8 కోట్ల సేవాదస్త్రాలు నశించాయి.

3. 'స్మోకీ' అధ్యయనం:
1957 ఆగస్టు 31న నెవాడాలో జరిగిన 'స్మోకీ' పరీక్షలో పాల్గొన్నవారిపై అధ్యయనం 1980లో వెలువడింది. 3,224 మందిలో 3.5 ల్యుకేమియా కేసులు ఉండవచ్చని అంచనా కాగా, 9 కనిపించాయి. అయితే ఆ తొమ్మిదిమందిలో ఎవరి వ్యాధికి పరీక్ష కారణమో ఈ లెక్క చెప్పలేదు. పరిహారం కోరేది మాత్రం సమూహం కాదు, వ్యక్తి. చట్టానికి ఎదురైన అసలు చిక్కు ఇదే.

4. మోతాదు నుంచి ఉనికికి:
1984 చట్టం తర్వాత, సైనికుని దళం ఎక్కడ, ఎంతసేపు ఉన్నదో దస్త్రాల నుంచి తెలుసుకొని రేడియేషన్ మోతాదును అంచనా వేసే పద్ధతి స్థిరపడింది. అంచనా వేసినది రక్షణశాఖే. 1988 చట్టం వేరే మార్గం పట్టింది: పరీక్షాస్థలంలో ఉన్నట్లు రుజువై, 13 రకాల క్యాన్సర్లలో ఒకటి ఉంటే, అది సేవ వల్లనే వచ్చినట్లు చట్టమే భావిస్తుంది. తర్వాత ఈ జాబితా 21కి పెరిగింది. జాబితాలో లేని వ్యాధులకు మోతాదు అంచనాయే ఆధారమైంది. ఆ అంచనాల్లో గరిష్ఠ పరిమితులను తరచుగా తక్కువగా లెక్కించారని 2003లో జాతీయ పరిశోధనా మండలి సమీక్ష తేల్చింది.

1977-80 మధ్య ఎనివెటాక్ దీవుల్లో అణుకాలుష్యాన్ని తొలగించిన సైనికులకు 2022 వరకు ఈ వెసులుబాటు దక్కలేదు.

ముగింపు:
1988 చట్టం వైద్యశాస్త్ర సందేహాన్ని తీర్చలేదు. ఆ సందేహం వల్ల కలిగే నష్టాన్ని రోగి నుంచి రాజ్యానికి బదిలీ చేసింది. దస్త్రాలను రాసినదీ, దాచినదీ రాజ్యమే కనుక ఈ బదిలీ న్యాయసమ్మతం. అది ఆలస్యంగా జరగడం వల్ల, ఎందరి విషయంలోనో ఆ హక్కు వారి భార్యలకు మాత్రమే మిగిలింది.