టోల్ గేటు ముందు లారీ: మోటుపల్లి నుంచి బొంగ్లూర్ దాకా

మా తుర్కయాంజాల్ నుంచి సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే బొంగ్లూర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు తగులుతుంది. కారులో ఉన్న మనకు ఫాస్టాగ్ తెగితే పని అయిపోయినట్టే. లారీ నడిపేవాళ్లకు మాత్రం అక్కడ పెద్ద లెక్క మొదలవుతుంది. దారి మీద డబ్బు అడిగినప్పుడు సరుకు మోసేవాళ్లు ఇన్నాళ్లూ ఏం చేస్తూ వచ్చారు? ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవాళ్లట. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని ఈయన మాటిచ్చాడు. అంటే సుంకం రద్దు చేయలేదు, ఎంతో ముందే చెప్పాడు అంతే. వ్యాపారికి అసలు భయం సుంకం కన్నా, అది ఎంత పడుతుందో తెలియకపోవడమే అని ఆయనకు అర్థమైంది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. సాగర్ డ్యామ్ దాటితే అవతల ఆంధ్ర. 2015 ఏప్రిల్ 1 నుంచి తెలంగాణ ఆంధ్ర బండ్ల మీద పన్ను మొదలుపెట్టింది. నేషనల్ పర్మిట్ లేని లారీలకు పాత దారే కొత్త సరిహద్దు అయింది. ఓనర్ల సంఘాలు అడిగింది ఏంటంటే, ప్రతిసారీ తాత్కాలిక పర్మిట్ కాకుండా ఏడాదికి ఒకసారి కట్టే పర్మిట్ ఇవ్వండి అని.

అదే ఏడాది అక్టోబర్ 1న ఆలిండియా మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్ దేశమంతా లారీలు ఆపింది. సమ్మె ఐదో తేదీ వరకు నడిచింది. అక్కడా అదే మాట: టోల్ ఏడాదికి ఒకేసారి తీసుకోండి, గేట్ల దగ్గర మాత్రం ఆపకండి. ఎందుకంటే ఆగితే ఇంజిన్ డీజిల్ తాగుతుంది, లోడు లేటవుతుంది. టీసీఐ సంస్థ కలకత్తా ఐఐఎంతో కలిసి వేసిన లెక్కలో, దేశంలో రోడ్డు రవాణా ఆలస్యాల ఖర్చు ఏటా 660 కోట్ల డాలర్లు అని తేలింది. ఆ ఆలస్యాల్లో అదనంగా కాలిన ఇంధనం ఇంకో 1,470 కోట్ల డాలర్లు.

తర్వాత 2017 జులై 1న జీఎస్టీ వచ్చి పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. గేటు దగ్గర ఆగే సమయం తగ్గింది. మరి గొడవ తీరిపోవాలి కదా? తీరలేదు.

ఎందుకో చూడాలంటే 2008 టోల్ నిబంధనలు చూడాలి. అందులో మూల ధర కిలోమీటరుకు ఆరు టైర్ల లారీకి 2.20 రూపాయలు, పది టైర్ల లారీకి 2.40. అంటే టోల్ తేడా 9 శాతమే. అప్పట్లో బండితో కలిపి బరువు పరిమితి ఆరు టైర్లకు 16.2 టన్నులు, పది టైర్లకు 25 టన్నులు. అంటే బరువు 54 శాతం ఎక్కువ. డబ్బున్న కంపెనీ ఏం చేస్తుంది? పెద్ద బండి కొంటుంది. టన్నుకు పడే టోల్ తగ్గిపోతుంది. ఒక్క పాత లారీ ఉన్నాయనకు మిగిలేది ఓవర్‌లోడ్, లేదంటే ఊళ్ల మధ్య నుంచి చుట్టుదారి.

ఇంకొకటి. 24 గంటల్లో తిరిగొస్తే రానూపోనూ కలిపి టోల్ ఒకటిన్నర రెట్లే. విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడు గేట్లు. రెండు చివరలా ఆఫీసులున్న కంపెనీకి తిరుగు లోడు రెడీగా ఉంటుంది. ఒక్క లారీ ఓనర్ మాత్రం బ్రోకర్ ఫోన్ కోసం అక్కడే పడుకుంటాడు. 24 గంటలు దాటిపోతే రాయితీ పోయినట్టే.

బయట దేశాల్లోనూ ఇంతే. జర్మనీ 2005లో పెద్ద ట్రక్కులకు హైవే టోల్ పెట్టగానే కొన్ని మామూలు రోడ్లకు మళ్లాయి. చివరికి 2018లో జాతీయ రోడ్లన్నిటికీ టోల్ పెట్టారు. కాలుష్యం తక్కువున్న బండికి రేటు తక్కువ, అది కొనగలిగినవాడికి లాభం. న్యూయార్క్ 2025 జనవరిలో మన్‌హాటన్ రద్దీకి రుసుము పెట్టింది, రాత్రి వస్తే 75 శాతం తగ్గింపు. మరి రాత్రి గోడౌన్ తీసి సరుకు దింపించుకునేది ఎవరు? టైమ్ నిర్ణయించేది లారీ కాదు, సరుకు తీసుకునేవాడు. మన హైదరాబాద్‌లో డబ్బుకు బదులు గంటలు కట్టిస్తున్నాం: పగలు నో ఎంట్రీ, శివార్లలో లారీల క్యూ.

నాకు అర్థమైంది ఇది. ఆగడం అనే సమస్య టెక్నాలజీతో చాలావరకు తీరుతుంది. టోల్ ఎవరి జేబులోంచి పోతుంది అన్నది మాత్రం కిరాయి మాట్లాడుకునే దగ్గరే తేలుతుంది. పెద్ద కంపెనీ కాంట్రాక్టులో 'టోల్ అదనం' అని రాయించుకోగలదు. చిన్న ఓనర్‌కు 'అన్నీ కలిపి ఇంత' అంటారు. గణపతిదేవుడు సుంకం ఎంతో రాతి మీద రాయించాడు. మనం కనీసం కిరాయి కాగితం మీద టోల్‌ను వేరే లైన్‌లో రాయించగలమా? మీ ఇంట్లో లారీ ఉంటే మీ కిరాయి ఎలా మాట్లాడుకుంటారో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.