బంతి, బైబిల్, రైలు పట్టాలు: బిలాస్‌పూర్ నుంచి ఒక చరిత్ర పాఠం

క్రైస్తవ సంస్థలు యువతకు నేర్పే ఆటలు, నడిపే వేసవి శిబిరాలు సేవా, మత ప్రచారమా? ఇలాంటి ప్రశ్న మెయిన్స్‌లో వస్తే మనలో చాలామంది వెంటనే ఒక పక్షం తీసుకుంటారు. మార్కులు పోయేది అక్కడే. ఉద్దేశం, ఫలితం, పద్ధతి అని మూడుగా విడదీసి చూడండి. మూడింటికీ జవాబు ఒకటి కాదు.

నేపథ్యం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ను తీసుకోండి. 1885లో అమెరికాకు చెందిన డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ మిషన్ ఇక్కడ పని ప్రారంభించింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొద్ది సంవత్సరాల్లోనే ఈ ఊరికి వచ్చింది. ఆ రైల్వే వెంట ఉత్తరాంధ్ర నుంచి తెలుగువారూ వెళ్లి స్థిరపడ్డారు. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రం.

ఇలాంటి ఊళ్లకు ఒక సమస్య ఉంటుంది. ఇంటికి దూరంగా వచ్చిన యువకులు డ్యూటీ దిగాక ఎక్కడికి వెళ్లాలి? 1844లో లండన్‌లో జార్జ్ విలియమ్స్ వై.ఎం.సి.ఎ.ను స్థాపించింది ఇలాంటి యువకుల కోసమే.

ఉద్దేశం: మతమే

దృఢమైన శరీరం, క్రమశిక్షణ కూడా విశ్వాసంలో భాగమే అన్న 'మస్కులర్ క్రిస్టియానిటీ' భావన 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో బలపడింది. అమెరికా వై.ఎం.సి.ఎ. వాతావరణంలోనే 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను, 1895లో విలియం మోర్గాన్ వాలీబాల్‌ను రూపొందించారు. మద్రాసులో వై.ఎం.సి.ఎ. 1890లో మొదలైంది.

మతం ఇక్కడ దాచిన విషయం కాదు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేసిన వి.ఎస్. అజరయ్య 1912లో మన డోర్నకల్‌కు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

ఫలితం: అందరిదీ

1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టుతో వెళ్లిందీ ఆయనే. అప్పటికే ఈ నమూనాను ఇతరులూ అందుకున్నారు. 1914లో అనీబిసెంట్ మద్రాసులో యంగ్ మెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టారు. 1928లో రైల్వేలు సొంత అథ్లెటిక్ సంఘం ఏర్పాటు చేసుకున్నాయి. ఈరోజు మీ ఊరి బడి మైదానంలో వాలీబాల్ ఆడేవాళ్లలో ఎవరూ ఆ ఆట ఏ మతం నుంచి వచ్చిందని అడగరు.

పద్ధతి: వివాదం ఇక్కడే

వెకేషన్ బైబిల్ స్కూల్ మూలాలు 1890ల చివరి న్యూయార్క్‌లో ఉన్నాయి. సెలవుల్లో వీధిన పడిన పిల్లలకు పాటలు, ఆటలు, బైబిల్ కథలు చెప్పేవారు. మన ఊళ్లలో దీన్నే వీబీఎస్ అంటారు. ఇక్కడికి వచ్చేది పిల్లలు కాబట్టి, ఒక బంతి, ఒక పూట భోజనం బహుమతా, ప్రలోభమా అన్న ప్రశ్న వస్తుంది.

ఈ వరుస గుర్తుంచుకోండి:

- 1954: మిషనరీల కార్యకలాపాలపై మధ్యప్రదేశ్ ప్రభుత్వం నియోగి కమిటీని నియమించింది. బిలాస్‌పూర్ అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే. 1956లో వచ్చిన నివేదిక పక్షపాతంతో ఉందని క్రైస్తవ సంఘాలు విమర్శించాయి.
- 1968: బలవంతం, మోసం, ప్రలోభంతో మతమార్పిడిని మధ్యప్రదేశ్ చట్టం నిషేధించింది. 2000లో ఆ చట్టం ఛత్తీస్‌గఢ్‌కు సంక్రమించింది.
- 1977: స్టానిస్లాస్ కేసు. 25వ అధికరణలోని ప్రచార హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే తన విశ్వాసాన్ని వివరించే హక్కును కాదనలేదు.

28(3) అధికరణను కూడా జోడించండి. ప్రభుత్వ గుర్తింపు లేదా నిధులు ఉన్న విద్యాసంస్థలో మైనరుకు మతబోధ చేయాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలి. వేసవి శిబిరం అలాంటి సంస్థ కాదు కాబట్టి ఈ నియమం దానికి నేరుగా వర్తించదు. కానీ అందులోని న్యాయం వర్తిస్తుంది. శిబిరంలో ఏం చెబుతారో తల్లిదండ్రులకు ముందే తెలియాలి. పిల్లవాడు ప్రార్థనకు రాకపోయినా ఆటకు రానివ్వాలి.

ముగింపు ఎలా రాయాలి?

మతం ఉంది కాబట్టి సేవ అబద్ధమని రాయకండి. సేవ ఉంది కాబట్టి ప్రశ్నే వద్దనీ రాయకండి. ఆట వెనుక ఉద్దేశం మతపరమైనదే, కానీ దాని ఫలితం అందరికీ దక్కింది. పద్ధతిని మాత్రం సమ్మతి అనే గీటురాయి మీద పరీక్షించాలి. రేపు మీరు అధికారి కుర్చీలో ఉన్నప్పుడు ఇలాంటి శిబిరం మీద ఒక ఫిర్యాదు మీ బల్ల మీదికి రావచ్చు. అప్పుడు కూడా ముందు అడగాల్సింది నిర్వాహకుల మతం కాదు, ఆ సమ్మతి ఉందా అన్నదే.