పేరున్న గాజు, పేరులేని గాజు

మా బడిలో పదో తరగతి వాళ్ళం ప్రతి ఏడూ ఒక చరిత్ర వ్యాసం రాయాలి. ఈసారి మా సోషల్ మేడం చీటీలు వేసి అంశాలు ఇచ్చారు. నాకు వచ్చిన చీటీలో "నేటి గాజు కళాకారులు, వారి దారులు" అని ఉంది. నా పక్క అమ్మాయికి శ్రీకృష్ణదేవరాయలు వచ్చాడు. చీటీ మార్చుకుందామా అని అడిగితే ఆమె నవ్వి చీటీని పెన్సిల్ డబ్బాలో దాచుకుంది.

ఇంటికి పోయి అమ్మతో చెప్పుకుని విసుక్కుంటూ ఉంటే, మంచం మీద కూర్చున్న తాత తల ఎత్తి, "గాజు గురించి అయితే నన్నడగొచ్చు గదా పాపా" అన్నాడు.

మా తాత చిన్నప్పుడు గాజు బట్టీలో పని చేశాడని నాకు తెలుసు. కానీ ఎనిమిదో తరగతిలో వంశవృక్షం ప్రాజెక్టు చేసినప్పుడు తాత పేరు కింద, వృత్తి అన్న చోట నేను "కూలి" అని రాశాను. మేడం దానికి పూర్తి మార్కులు వేశారు. ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాకే ఆ మాట తప్పేమో అనిపించింది.

ముందు గాజు సంగతి

గాజులో ఎక్కువ భాగం ఇసుకే. మామూలు ఇసుక కరగాలంటే సుమారు 1700 డిగ్రీల వేడి కావాలి. సోడా కలిపితే అంతకన్నా తక్కువ వేడికే కరుగుతుంది. సున్నం కలిపితే నీళ్ళకు కరిగిపోకుండా గట్టిగా నిలుస్తుంది. పూర్వం మన దేశంలో చాలాచోట్ల సోడాకు బదులు సవుటి మన్ను వాడేవారు. వేడిగా ఉన్నప్పుడు గాజు ముదురు పాకంలాగా సాగుతుంది, చల్లారితే రాయిలాగా అవుతుంది. ఆ రెండింటి మధ్య దొరికే కొంచెం సమయంలోనే పనివాడు తన పని ముగించాలి.

అందుకే వేల ఏళ్ళపాటు గాజు పని ఒక్కడు చేసేది కాలేదు. పెద్ద బట్టీ, చాలామంది మనుషులు, రాత్రీ పగలూ మంట కావాలి. తర్వాత కార్ఖానాలు వచ్చాయి. అక్కడ బొమ్మ గీసేవాడు ఒకడు, గాజు ఊదేవాడు మరొకడు. గీసినవాడి పేరు సీసా మీద పడేది, ఊదినవాడి పేరు హాజరు పుస్తకంలో ఉండేది.

గ్యారేజీలో మొదలైన కథ

ఈ పద్ధతిని మార్చాలనుకున్న మనిషి హార్వే లిటిల్‌టన్. ఈయన 1922లో అమెరికాలోని కార్నింగ్ అనే ఊర్లో పుట్టాడు. అది గాజు కంపెనీ ఊరు. తండ్రి ఆ కంపెనీలోనే భౌతిక శాస్త్రవేత్త. వేడికి పగలని గాజుతో ప్రయోగాలు జరుగుతున్న కాలంలో, 1913లో, లిటిల్‌టన్ తల్లి బెస్సీ బ్యాటరీ గాజు జాడీని అడుగుభాగం కోయించి దాంట్లో కేకు కాల్చి చూసిందట. కేకు బాగా వచ్చింది. రెండేళ్ళకు, 1915లో, పైరెక్స్ వంట గిన్నెలు అంగళ్ళకు వచ్చాయి. మన సైన్సు ల్యాబులో పరీక్షనాళికలు కూడా అలాంటి గాజువే. చరిత్రలో వంటింటికి కూడా భాగం ఉంటుందని ఇది చదివాక నాకు సంతోషం వేసింది.

లిటిల్‌టన్ మట్టి కుండల కళ నేర్పే అధ్యాపకుడు అయ్యాడు. కుమ్మరి తన ఇంటి దగ్గర ఒక్కడే చక్రం, ఆవం పెట్టుకుని పని చేస్తాడు కదా, గాజు పనివాడు ఎందుకు చేయలేడు అని ఆయన ప్రశ్న. 1962లో టొలెడో నగరంలోని మ్యూజియం ఆవరణలో, ఒక గ్యారేజీలో, చిన్న బట్టీ కట్టి శిబిరం పెట్టాడు. మొదటిసారి గాజు సరిగా కరగలేదు. అప్పుడు గాజునార కంపెనీలో పరిశోధన చేసే డొమినిక్ లబినో అనే స్నేహితుడు బట్టీని మార్పించి, సులభంగా కరిగే గాజు గోళీలు తెచ్చి ఇచ్చాడు. గాజు కరిగింది. కానీ దాన్ని ఊదడం అక్కడున్న చదువుకున్నవాళ్ళకు సరిగా రాదు. అప్పుడు ఊది చూపించింది ఎవరో తెలుసా? కార్ఖానాలో పని చేసి రిటైరైన హార్వే లీఫ్‌గ్రీన్ అనే పనివాడు. స్టూడియో గాజు అని ప్రపంచం అంతా చెప్పుకునే ఉద్యమం ఇక్కడే మొదలైంది. లీఫ్‌గ్రీన్ పేరు మాత్రం చాలా కొద్దిమందికే తెలుసు.

తాతకు ఇది చదివి వినిపిస్తే, "ఆయప్ప లేకుంటే వాళ్ళు గోళీలాట ఆడుకోని పోయుంటారు" అన్నాడు.

ఒక కన్ను పోయినా

లిటిల్‌టన్ శిష్యుల్లో అందరికన్నా పేరు తెచ్చుకున్నవాడు డేల్ చిహూలీ. 1941లో పుట్టాడు. పదిహేడేళ్ళ లోపలే అన్నా, తండ్రీ ఇద్దరూ చనిపోయారు. ఇళ్ళ అలంకరణ చదువుతూ, మొదట నేత గుడ్డలో గాజు ముక్కలు కలిపి నేశాడు. తర్వాత ఇంటి నేలమాళిగలో గాజు కరిగించి ఒక గొట్టంతో ఊదితే బుడగ వచ్చింది. ఆ ఒక్క బుడగతో ఆయన దారి తిరిగిపోయింది. 1968లో ఇటలీ వెళ్ళి మురానో దీవిలో వెనీని కార్ఖానాలో పని చూశాడు. అక్కడ ఒక మేస్త్రి చుట్టూ నలుగురైదుగురు చేరి పని చేయడం ఆయనకు నచ్చింది. 1971లో తన రాష్ట్రంలో పిల్చక్ అనే చోట మిత్రులతో కలిసి గాజు బడి పెట్టాడు.

1976లో ఇంగ్లండులో కారు ప్రమాదం జరిగి, ముందు అద్దం పగిలి ఎడమ కన్ను పోయింది. గాజును నమ్ముకున్న మనిషి కన్ను గాజుతోనే పోయింది. మూడేళ్ళకు సముద్రంలో ఆడుతుంటే భుజం జారింది. అప్పటినుంచి ఆయన ఊదడం మానేసి, రంగులతో బొమ్మలు వేసి చూపిస్తే జట్టు వాళ్ళు ఊదారు. అంటే గాజును ఒక్కడే చేయగలడని లిటిల్‌టన్ మొదలుపెడితే, శిష్యుడు తిరిగి పదిమంది జట్టుకే వచ్చాడు.

మురానో గురించి కూడా చెప్పాలి. 1291లో వెనిస్ ప్రభుత్వం, ఊర్లో అగ్ని ప్రమాదాలు జరుగుతాయని గాజు బట్టీలన్నీ ఆ దీవికి పంపించింది. అక్కడి విద్య రహస్యం, బయటివాళ్ళకు చెప్పకూడదు. 1934లో అక్కడ పుట్టిన లీనో తల్యాపియెత్రా పదకొండేళ్ళకే పనిలో చేరి, ఇరవై ఒక్క ఏటికి మేస్త్రి అయ్యాడు. 1979లో పిల్చక్ బడికి పోయి అమెరికా పిల్లలకు ఆ విద్య నేర్పాడు. ఊర్లో చాలామందికి కోపం వచ్చింది. కానీ ఆయన నేర్పకపోయి ఉంటే ఆ విద్య ఎంతమంది చేతుల్లో మిగిలేదో! మన దేశంలో కూడా శాంతినికేతన్‌లో చదివి హైదరాబాదులో స్థిరపడిన శిశిర్ సహానా గాజుతో శిల్పాలు చేస్తున్నారు.

ఇక మా ఊరు

మా సొంత ఊరు పాపానాయుడుపేట. ఏర్పేడు మండలం. ఇదివరకు చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి పోయే వైపు ఉంటుంది. అక్కడ తరతరాలుగా గాజు పూసలు చేసేవాళ్ళు.

ఈ పూసల కథ చాలా పెద్దది. పుదుచ్చేరి దగ్గర అరికమేడు అనే చోట 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపాడు. అక్కడ వేలకొద్దీ చిన్న చిన్న గాజు పూసలు దొరికాయి. చాలావరకు ఐదారు మిల్లీమీటర్లకన్నా చిన్నవి, ఒకే రంగువి. అలాంటి పూసలే థాయిలాండులో, వియత్నాంలో, దక్షిణ ఆఫ్రికాలోని మపుంగుబ్వేలో కూడా దొరికాయి. దక్షిణ భారతదేశంలో రెండువేల ఏళ్ళకు ముందే ఈ పని మొదలై ఓడల మీద ప్రపంచమంతా తిరిగింది. అమెరికాకు చెందిన పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వీటికి ఇండో పసిఫిక్ పూసలు అని పేరు పెట్టాడు. పాత పూసలు ఎలా చేశారో తెలుసుకోవాలని వెతుకుతూ ఆయన పాపానాయుడుపేటకు వచ్చాడు. అరికమేడు విద్యకు బతికున్న వారసులు ఇక్కడే ఉన్నారని రాశాడు. దీన్నే పరిశోధకులు లాడా పద్ధతి అంటారు.

ఆ పద్ధతి నాకు పుస్తకంలో చదివితే అర్థం కాలేదు. అవ్వ మురుకులకు పిండి కలుపుతుంటే తాత ఒక ముద్ద తీసుకుని నేర్పించాడు. పొడవాటి బోలు ఇనుప గొట్టం కొనకు కరిగిన గాజును పెద్ద ముద్దగా చుడతారు. ముద్ద మధ్యలోకి ఇనుప కడ్డీ పొడిచి బొక్క చేస్తారు. తాత పిండి ముద్దలో వేలు పెట్టి చూపించాడు. తర్వాత ముద్దను బట్టీలో పెడితే, అవతలి పక్క నుంచి ఇంకొకడు కొక్కెంతో దాని కొన పట్టి లాగుతాడు. గాజు సన్నని గొట్టమై సాగుతూనే ఉంటుంది. లోపల చేసిన బొక్క కూడా దాంతోపాటే సాగుతుంది. అంటే ఒక్కొక్క పూసకు బెజ్జం వేసే పని లేదు, బెజ్జం ముందే ఉంటుంది! ఆ గొట్టాలను చిన్న ముక్కలుగా కోసి, బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేస్తే అంచులు గుండ్రబడి పూసలవుతాయి. బూడిద ఉంటే ఒకదానికొకటి అతుక్కోవు, బెజ్జం మూసుకుపోదు.

నేను లాగితే పిండి తెగిపోయింది. అవ్వ, "మురుకులు కావాల్నా, పూసలు కావాల్నా?" అని అరిచింది. తాత మాత్రం, "గాజు తెగదు పాపా, వేడి సరిగా ఉంటే. యాడ ఆపల్లో, యాడ బిర్రుగా లాగల్లో చేతికి తెలుస్తాది. గొట్టం లావు ఒకే మాదిరి రావల్ల. కొలిచేదానికి ఏముండాది, కన్నే" అన్నాడు.

ఆ కన్ను మాత్రం చెడిపోయింది. రెండేళ్ళ కింద తాతకు శుక్లం ఆపరేషన్ అయింది. ఏళ్ళ తరబడి కరిగిన గాజు మంటను చూసేవాళ్ళకు శుక్లం వస్తుందని డాక్టర్లు ఎప్పటినుంచో గుర్తించారు. దానికి "గాజు ఊదేవాళ్ళ శుక్లం" అనే పేరే ఉంది. చిహూలీ కన్ను గురించి ప్రతి పుస్తకంలో ఉంటుంది. మా తాత కన్ను గురించి ఇప్పుడు నేను రాస్తున్నాను.

బొమ్మసంద్ర దాకా

మరి బట్టీలు ఏమయ్యాయి? తాత చెప్పింది ఇది: కట్టెల ధర పెరిగింది, ప్లాస్టిక్ పూసలు వచ్చాయి, యంత్రాల మీద చేసిన పూసలు చవకగా వచ్చాయి. బట్టీ ఆరిన తర్వాత ఆడవాళ్ళు పూసలు గుచ్చే పని చేశారు, అవ్వ కూడా చేసింది. నాయన పని వెతుక్కుంటూ బొమ్మసంద్ర ఇండస్ట్రియల్ ఏరియాకు వచ్చి ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పనిలో చేరాడు. మా బళ్ళో చాలామంది కథ ఇదే. ఊరు మారుతుంది, నాయన చేతిపని మారుతుంది, తెలుగు మాత్రం మిగులుతుంది.

2025 ఆగస్టులో మెట్రో బొమ్మసంద్ర దాకా వచ్చినప్పుడు తాతను తీసుకుపోయాను. రైలు కిటికీలోంచి హోసూరు రోడ్డు పక్క అద్దాల బిల్డింగులు చూసి, "ఎంత గాజో! ఇదంతా పూసలు చేస్తే ఎన్ని గంపలవుతాదో" అన్నాడు. పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆ రోజు నాకు సిగ్గేసింది. ఇప్పుడు రాస్తుంటే ఆ సిగ్గుపడినందుకు సిగ్గేస్తోంది.

ఇంకొక సంగతి. మా ఊరికి దగ్గర్లోనే శ్రీకాళహస్తి ఉంది. అక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అది మనకు గర్వకారణం. గుడ్డ మీద గీసిన చేయి ఎవరిదో తెలుస్తుంది. కానీ పూస మీద పేరు రాయడానికి చోటు ఎక్కడ?

ముగింపు

వ్యాసం చివర తాత పేరు పెద్ద అక్షరాలతో రాయాలనుకున్నాను. తాత ఒప్పుకోలేదు. "నా ఒక్కడి పేరు ఎట్ల రాస్తావు? ముద్ద చుట్టినోడు ఒకడు, లాగినోడు ఒకడు, కట్టెలేసినోడు ఒకడు, కోసింది ఒకరు, గుచ్చింది మీ అవ్వ. రాస్తే ఊరి పేరు రాయి" అన్నాడు.

నాకు మొదట బాధేసింది. తర్వాత ఆలోచిస్తే, తాత చెప్పింది లిటిల్‌టన్ కన్నా చిహూలీకి దగ్గరగా ఉంది. చిహూలీ జట్టుకు ఒక పేరున్న మనిషి ఉన్నాడు, మా ఊరి జట్టుకు లేడు. తేడా పనిలో లేదు, రాసిపెట్టేవాళ్ళు ఉండడంలో ఉంది.

మా ఇంట్లో ఇప్పుడు ఆ గొట్టం లాగడం తాతకు తప్ప ఎవరికీ రాదు. నాకూ రాదు. పిండి ముద్దతో మాత్రం వచ్చు, అది కూడా నాలుగోసారికి తెగకుండా వచ్చింది. తాత చెప్పినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను, ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి. మీ ఇళ్ళల్లో కూడా ఎవరైనా తాతో, అవ్వో ఇలా ఏదో ఒక పని చేసి ఉంటారు. దయచేసి ఈ సెలవుల్లో అడగండి.

ఎనిమిదో తరగతి ప్రాజెక్టు పుస్తకం ఇంకా మా ఇంట్లోనే ఉంది. అందులో "కూలి" అనే మాట కొట్టేసి, దాని మీద ఇలా రాశాను: గాజు పూసల పనివాడు, పాపానాయుడుపేట.