అంటువ్యాధి వేళ విహారయాత్ర: గోదావరి గట్టున చరిత్ర చెప్పే మాట



2020, 2021 సంవత్సరాలలో మన ఖమ్మం ప్రాంతపు ఇండ్లలో ఒక ప్రశ్న తరచుగా వినిపించింది. విదేశయానాలు ఆగిపోయాయి సరే, స్వదేశంలో తిరగడానికి అడ్డేమున్నది? సొంత కారు ఉన్నది, మూతికి మాస్కు ఉన్నది. బాపట్ల సూర్యలంకకో, బందరు మంగినపూడికో, విశాఖకో పోయి రెండు రోజులు సముద్రపు గాలి పీల్చి వస్తే తప్పేమిటి? అంత దూరం వద్దనుకుంటే భద్రాచలం, పర్ణశాల, ఆపైన అడవి ఉండనే ఉన్నాయి కదా?

ఈ ప్రశ్నకు కాలం చెల్లలేదు. మరొక మహమ్మారి రాదని ఏ వైద్యుడూ హామీ ఇవ్వలేడు. 2027లో గోదావరి పుష్కరాలు కూడా రానున్నాయి. కాబట్టి ఆనాటి ఉద్వేగం తగ్గిన ఈ సమయంలో చరిత్ర వెలుగులో దీనిని నిదానంగా ఆలోచించడం మంచిది.

సముద్రపు గాలి మీద నమ్మకం ఎక్కడిది?

మన పెద్దలు సముద్రానికి పోయింది ప్రధానంగా పుణ్యస్నానానికి. కార్తిక పౌర్ణమికో, మాఘ పౌర్ణమికో బండ్లు కట్టుకొని పోయి, మునిగి, దండం పెట్టి తిరిగివచ్చేవారు. ఆరోగ్యం కోసం తీరానికి పోయి కొన్నాళ్ళు గడపడమన్న ఆధునిక ఆచారాన్ని ప్రచారంలోకి తెచ్చినవారిలో వైద్యులే ముఖ్యులు. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే ఆంగ్లేయ వైద్యుడు గ్రంథుల వ్యాధులకు సముద్రజలం ఔషధమని లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. ఆ తరువాతనే బ్రైటన్ అనే బెస్తల ఊరు సంపన్నుల విడిదిగా మారింది. వైద్యుడి చీటీలో పుట్టిన సలహా రెండు మూడు తరాలలో సెలవుల సరదా అయింది.

ఆ కాలపు వైద్యశాస్త్రం రోగాలకు చెడుగాలే కారణమని నమ్మింది. మలేరియా అన్న పేరుకే ఇటాలియన్ భాషలో చెడుగాలి అని అర్థం. చెడుగాలి రోగమైతే మంచిగాలి మందు కావాలి కదా. క్షయరోగుల కోసం మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోను, వికారాబాదు వద్ద అనంతగిరి కొండమీదను చికిత్సాలయాలు వెలసినప్పుడు వాటి వెనుక ఉన్నది గాలి, వెలుతురు, విశ్రాంతి మీది విశ్వాసమే. అయితే ఒక తేడా గమనించండి. అక్కడికి పోయిన రోగి నెలల తరబడి ఒకేచోట ఉండేవాడు. తన దగ్గును ఊరూరా తిప్పేవాడు కాదు.

ఆ పాత నమ్మకంలో కొంత నిజం ఉన్నదని కోవిడ్ నిరూపించింది. ఆరుబయట ఆ వైరస్ వ్యాప్తి బాగా తక్కువ. ఇసుకమీద దూరదూరంగా కూర్చున్న కుటుంబానికి ప్రమాదం స్వల్పమే. కాని విహారయాత్ర అంటే ఇసుక ఒక్కటే కాదు. దారిలో టిఫిన్ సెంటరు, లాడ్జి గది, తలుపులు మూసి ఏసీ వేసిన భోజనశాల, తిరుగుప్రయాణంలో బంధువుల ఇంట ఒక రాత్రి కూడా అందులో ఉంటాయి. రోగం అంటుకొనేది ఎక్కువగా అక్కడే.

గత్తర నడిచిన దారి

మన వైపు కలరాను గత్తర అనేవారు. కోస్తాలో దాని పేరు మరిడి. 1817లో వంగదేశంలోని జెస్సోరు ప్రాంతంలో విజృంభించిన గత్తర, సైన్యాల వెంట, వర్తకుల వెంట, యాత్రికుల వెంట దేశమంతా పాకింది. తరువాతి దశాబ్దాలలో దాని పేరుతో ముడిపడిన స్థలాలలో పూరీ ఒకటి. పూరీ సముద్రతీరంలోనే ఉన్నది. అక్కడ గాలికి కొదవలేదు. కిక్కిరిసిన సత్రపు గదులు, కలుషితమైన నీరు ఉన్నచోట ఆ గాలి ఎవరినీ కాపాడలేదు. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన అంతర్జాతీయ పారిశుద్ధ్య సమావేశం, గత్తర వ్యాప్తికి తీర్థయాత్రలు అతిబలమైన కారణమని ప్రకటించింది. మరుసటి ఏడాదే హరిద్వార కుంభమేళా నుంచి ఇండ్లకు మరలిన యాత్రికుల వెంట వ్యాధి ఉత్తరాది అంతటా వ్యాపించింది.

అయితే ఆ సమావేశంలో వేలు చూపిన దొరలు, తమ సైనిక పటాలాలు, తమ ఓడలు మోసుకుపోయిన గత్తర గురించి అంత గట్టిగా మాట్లాడలేదు. యాత్రికుడిని నిందించడం సులభం. అతనికి మంచినీరు, మరుగుదొడ్డి సమకూర్చడం ఖర్చుతో కూడిన పని.

ప్రయాణపు వేగం మారినకొద్దీ వ్యాధి వేగమూ మారింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, పూరీ మీదుగా కోస్తా వెంబడి తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. ఆ కాలంలో రోగం కూడా మనిషి నడిచినంత వేగంగానే వచ్చేది. 1889 నాటికి నిజాం రైలుమార్గం ఖమ్మం మీదుగా బెజవాడకు చేరింది. 1918 జూన్‌లో బొంబాయి రేవులో కనిపించిన ఇన్‌ఫ్లుయెంజా, రైలుదారుల వెంట కొద్ది నెలలలోనే దేశాన్ని చుట్టివేసింది. ఆ శరదృతువులో వచ్చిన రెండవ కెరటమే అత్యంత ఘోరమైనది. ఒక్క భారతదేశంలోనే 1 కోటి 20 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల మంది మరణించారని చరిత్రకారుల అంచనా. 1911కూ 1921కూ నడుమ దేశజనాభా పెరగకపోగా తగ్గింది. మన జనగణన చరిత్రలో అట్టి దశాబ్దం అదొక్కటే.

కోరంటి, కట్టుబాటు, సరిహద్దు

ప్రయాణాన్ని ఆపి రోగాన్ని ఆపాలన్న ఆలోచన చాలా పాతది. 1377లో అడ్రియాటిక్ తీరపు రేవుపట్టణమైన రగూసా, రోగమున్న చోట్లనుంచి వచ్చినవారిని ముప్పై రోజులు వెలుపల ఉంచింది. తరువాత అది నలభై రోజులైంది. ఇటాలియన్‌లో నలభై అనే మాటనుంచే క్వారంటైన్ పుట్టింది. ఆ మాట మన నోట కోరంటి అయింది. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని పాతతరంవారు నేటికీ కోరంటి దవాఖానా అంటారు.

బొంబాయి ప్లేగు నేపథ్యంలో 1897లో చేసిన అంటువ్యాధుల చట్టం, రైలు ప్రయాణికులను తనిఖీ చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 2020 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం కోవిడ్ నిబంధనలు ప్రకటించింది కూడా ఆ చట్టం కిందనే.

ఇప్పుడు స్వదేశం అన్న మాట దగ్గరకు వద్దాం. భద్రాచలాన్ని మించిన ఉదాహరణ మరొకటి దొరకదు. 1860లో ఆ ప్రాంతం నిజాం చేతినుంచి బ్రిటిషువారికి పోయింది. 1874లో మధ్యపరగణాలనుంచి మద్రాసు రాజధానిలో చేరింది. 1959లో తూర్పు గోదావరినుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయి, పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. నేడు పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక వేరే రాష్ట్రం. మరికొంత దూరం పోతే ఛత్తీస్‌గఢ్, ఒడిశా.

ఇన్ని గీతలు మారినా వైరస్ ఏ గీతనూ గుర్తించలేదు. గుర్తించినది మనుషులే. 2020లో ఆగిన రెండు తెలుగు రాష్ట్రాల నడుమ బస్సులు నవంబరులోగాని తిరగలేదు. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదుకు వస్తున్న రోగుల అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపినప్పుడు, హైకోర్టు జోక్యం చేసుకొని ఆ ఉత్తర్వులను నిలిపివేయవలసి వచ్చింది. కనుక మన దేశంలోనే కదా, మన జిల్లాలోనే కదా అన్న మాటకు వైద్యపరమైన విలువ లేదు. దూరం కిలోమీటర్లలో ఎంత అన్నదానికన్నా, దారిలో ఎంతమందిని కలుస్తాము, చేరినచోట ఏ ఆసుపత్రి ఉన్నది అన్నవే ముఖ్యం.

రాములవారు ఇచ్చిన ఉదాహరణ

2020 ఏప్రిల్ 2న శ్రీరామనవమి. మిథిలా స్టేడియంలో లక్షల కన్నుల ముందు జరిగే సీతారాముల కల్యాణం, ఆ ఏడు ఆలయంలోనే, భక్తులు లేకుండా జరిగింది. 2021 ఏప్రిల్ 21న మళ్ళీ అట్లాగే జరిగింది. జనం టీవీలలో చూసి దండం పెట్టుకున్నారు. అదే ఏప్రిల్‌లో హరిద్వారంలో కుంభమేళా స్నానాలు పెద్దయెత్తున సాగాయి. దేశమంతటా రెండవ కెరటం లేస్తుండగా, మిగిలిన స్నానాలను లాంఛనంగా జరుపుకొమ్మని 17వ తేదీన ప్రధానమంత్రి విజ్ఞప్తి చేయవలసి వచ్చింది. భద్రాద్రిలో కల్యాణం ఆగలేదు, తలంబ్రాలు ఆగలేదు. గుమికూడడం మాత్రమే ఆగింది. 2022 ఏప్రిల్ 10న భక్తులు తిరిగి మిథిలా ప్రాంగణానికి వచ్చారు. రెండేళ్ళు ఓపిక పట్టినందువల్ల సంప్రదాయానికి లోటేమీ రాలేదు.

దైవకార్యాన్నే అట్లా మార్చుకోగలిగిన మనం, విహారాన్ని కొన్ని నెలలు వాయిదా వేయలేమా?

ఖర్చు ఎవరిది?

అసలు విషయం ఇక్కడ ఉన్నది. యాత్రికుడు సాధారణంగా తన ప్రమాదం ఒక్కటే లెక్కవేస్తాడు: నాకు వయసు తక్కువ, రెండు డోసులు పడ్డాయి, నాకేమీ కాదు. ఆ లెక్క నిజమే కావచ్చు. కాని అతడు కాఫీ తాగిన కొట్టులోని మనిషికి, గది ఊడ్చిన ఆమెకు, పడవ నడిపినవానికి ఆ లెక్క వర్తించదు. వారు ఊరు విడిచి పోలేరు. జబ్బు చేస్తే వారికి దిక్కు స్థానిక ఆసుపత్రి.

భద్రాచలం ప్రభుత్వ ఆసుపత్రి ఒక్క పట్టణానిది కాదు. విలీన మండలాలవారు, ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపువారు, ఒడిశా అంచు గూడేలవారు అక్కడికే వస్తారు. కాన్పులు, పాముకాట్లు, మలేరియా, సికిల్‌సెల్ రక్తహీనత అన్నీ అక్కడే. వ్యాధి ముదిరితే సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని ఖమ్మానికో, వరంగల్లుకో పంపాలి. కోవిడ్ నాటికి ఈ రెండు జిల్లాలలో ప్రభుత్వ వైద్య కళాశాల లేదు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో మొదలయ్యాయి. అట్టిచోట పట్నంనుంచి వచ్చిన ఒక కుటుంబం వదిలిపోయే వ్యాధి, స్థానికునికి దక్కవలసిన పడకను తీసుకుంటుంది.

2020 వసంతంలో మన పల్లెలు, బస్తరు పల్లెలు ముళ్ళకంప అడ్డంవేసి పొలిమేర మూసుకున్నది ఈ భయంతోనే. అమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కట్టి, చుట్టాలు రాకుండా చూసుకున్న పాత కట్టుబాటు అందులో కనిపిస్తుంది. దానిని పూర్తిగా మెచ్చుకోనూ లేము. మిరపకాయ ఏరడానికి వచ్చి, బండ్లు లేక అడవిదారిన ఇంటికి నడిచిన కూలీలకు కూడా ఆ కంపలే అడ్డుపడ్డాయి. బతుకుతెరువు కోసం నడిచినవాని ప్రయాణాన్నీ, సరదా కోసం బయలుదేరినవాని ప్రయాణాన్నీ ఒకే తాసులో తూచరాదు.

అడవికి పోయివచ్చేవారికి మరొక హెచ్చరిక. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో చూశాడు. శతాబ్దం దాటినా మన్యపు జ్వరం పూర్తిగా పోలేదు. మహమ్మారి కాలంలో ప్రతి జ్వరాన్నీ కోవిడే అనుకొని ఇంట్లో పడుకుంటే, ఫాల్సిపారం మలేరియా కొద్ది రోజులలోనే ప్రాణం మీదికి తేగలదు. ఏజెన్సీకి పోయివచ్చిన నెలలోపు జ్వరం వస్తే, ఆ సంగతి వైద్యునికి ముందుగా చెప్పండి. రక్తపరీక్ష ఆ రోజే చేయించుకోండి.

అయితే పోవచ్చునా, పోరాదా?

ఎప్పటికీ పోరాదని చరిత్ర చెప్పదు. బయలుదేరేముందు ఈ ప్రశ్నలు వేసుకొమ్మంటుంది. వ్యాధి పెరుగుతున్నదా, తగ్గుతున్నదా? పెరుగుతుంటే ఆగండి. 1918లోను 2021లోను రెండవ కెరటమే మొదటిదానికన్న క్రూరమైనది. మీ ఇంట్లో వృద్ధులు, గర్భిణులు, మధుమేహం ఉన్నవారు ఉన్నారా? ఉంటే మీరు మోసుకొచ్చేది వారికే చేరుతుంది. అందరి టీకాలు పూర్తయ్యాయా? పోయేచోట ఆసుపత్రిలో స్థానికులకే పడకలు చాలుతున్నాయా? తిరిగివచ్చాక ఐదారు రోజులు పెళ్ళిళ్ళకు, పరామర్శలకు పోకుండా ఉండగలరా? ఒంట్లో నలతగా ఉంటే, కట్టిన గది అద్దె వదులుకొని ఆగిపోగలరా?

వీటికి సంతృప్తికరమైన జవాబులుంటే పోయిరండి. గది కిటికీలు తెరిచి ఉంచండి, భోజనం ఆరుబయట చేయండి, జనం పలుచగా ఉన్న వేళ చూసుకొని తీరానికి నడవండి. ఒక్కదానికి జవాబు సరిగా లేకపోయినా, ఈ ఏడు మన చెరువుగట్టు మీద సాయంత్రపు గాలితో సరిపెట్టుకోండి. సూర్యలంక తీరం, భద్రగిరి మెట్లు వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటాయి.